మజ్జ వేరు, గుజ్జు వేరు

మోకాళ్ల నొప్పి, తుంటి నొప్పి, విరిగి అతకని ఎముక. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేని ఇల్లు మన బీదర్ ప్రాంతంలో వెతికితే గాని దొరకదు. కంది చేలలో, సోయా చేలలో పొద్దస్తమానం నడుము వంచే ఆడవాళ్లున్నారు. చెరకు మోపులు ఎత్తే కూలీలున్నారు. నేల మీద గంటల తరబడి కూర్చుని బిద్రీ పాత్రలలో వెండి తీగ పొదిగే పనివాళ్లున్నారు. వీళ్లందరి బతుకూ కీళ్ల మీదే నడుస్తుంది. కీలు పట్టేస్తే కూలి పోతుంది, కూలి పోతే ఇల్లు నడవదు.

కొన్నేళ్లుగా ఈ నొప్పులకు ఒక కొత్త వైద్యం పేరు వినబడుతున్నది. "మన ఎముకలోని మజ్జ తీసి మన మోకాలికే ఎక్కిస్తారట, కోత అక్కరలేదట, ఒక్క సూదితో సరి అట" అని ఒకరి నుంచి ఒకరికి మాట పాకుతున్నది. కరపత్రాలలో చూస్తున్నాం, సెల్‌ఫోన్లలో వీడియోలుగా చూస్తున్నాం. జహీరాబాదు, సంగారెడ్డి మీదుగా మనకు హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లే కాబట్టి, ఆ మాట విని బస్సెక్కేవారూ ఉన్నారు. ఎక్కేముందు కొందరు మెడలో ఉన్నది కుదువ పెడుతున్నారు, కొందరు చేను మీద అప్పు తెస్తున్నారు.

నేను డాక్టరును కాను, బడి ఉపాధ్యాయురాలిని. కన్నడమూ తెలుగూ రెండూ చదవగలను కనుక ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఇరుగుపొరుగువారు, పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తుంటారు. "టీచరమ్మా, ఇందులో ఏం రాశారో చెప్పు, సంతకం పెట్టమంటారా?" అని అడుగుతారు. సంతకం పెట్టాలో వద్దో చెప్పడం నా పని కాదు. కాని ఆ కాగితంలో ఉన్నదేమిటో, లేనిదేమిటో తెలుసుకుని చెప్పడం మాత్రం నా పనే అనుకుంటాను. ఆ కారణంగా చదివి తెలుసుకున్న సంగతులే ఈ ప్రసంగం. మజ్జ కణాల వైద్యం దేనికి పనికి వస్తుంది, దేనికి పనికి వస్తుందని ఇంకా రుజువు కాలేదు, డబ్బు కట్టేముందు ఏమి అడగాలి అన్న మూడు విషయాలు మీ ముందుంచుతాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. చాలా చిక్కు మాటల్లోనే ఉంది.

మోకాలి నొప్పితో వెళితే డాక్టరుగారు ఫొటో చూసి "గుజ్జు అరిగిపోయిందమ్మా" అంటారు. ఆ గుజ్జు ఏమిటి? మోకాలి దగ్గర రెండు ఎముకల చివరలు కలుస్తాయి. ఆ చివరల మీద నున్నటి, తెల్లటి పొర ఒకటి ఉంటుంది. దానిని పుస్తకాలలో మృదులాస్థి అంటారు. ఎముకకు ఎముక రాసుకోకుండా కాపాడేది అదే. ఆ పొరకు రక్తనాళాలు లేవు. చర్మం తెగితే రక్తం చేరి మానుతుంది, ఎముక విరిగినా రక్తం చేరి అతుకుతుంది. రక్తం చేరని ఈ పొర అరిగితే తనంతట తాను మళ్లీ పెరగడం చాలా కష్టం. మోకాలి అరుగుదల ఇంత మొండి జబ్బు కావడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

మరి మజ్జ ఏమిటి? నల్లి బొక్క తినేవారికి వేరే చెప్పనక్కరలేదు. బొక్క లోపల మెత్తగా ఉండే మూలుగే మజ్జ. కన్నడంలో అస్థిమజ్జె అంటారు. మన ఒంట్లో రక్తం తయారయ్యేది అక్కడే. చిన్నపిల్లలకు దాదాపు అన్ని ఎముకలలోనూ ఎర్ర మజ్జ ఉంటుంది. పెద్దవాళ్లమయ్యేసరికి కాళ్లు చేతుల ఎముకలలో చాలా భాగం కొవ్వుతో నిండిన పసుపు మజ్జగా మారిపోతుంది. ఎర్ర మజ్జ ప్రధానంగా నడుము కింది కటి ఎముకలో, రొమ్ము ఎముకలో, వెన్నుపూసలలో, పక్కటెముకలలో మిగులుతుంది.

కాబట్టి మజ్జ వేరు, గుజ్జు వేరు. దీపంలో నూనె అయిపోతే సీసాలోంచి పోసినట్టు, అరిగిన గుజ్జు చోట మజ్జ పోస్తే నిండిపోతుందని మనవాళ్లు అనుకుంటున్నారు. పేర్లు దగ్గరగా ఉండబట్టి ఆ అపోహ ఇంకా బలపడుతున్నది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఇక ఈ వైద్యం ఎక్కడ నుంచి వచ్చిందో చూద్దాం. మజ్జలో రక్తం తయారవుతుందని జర్మనీలో నాయ్‌మన్, ఇటలీలో బిజొజెరో 1868లో చెప్పారు. ఆ మరుసటి ఏడు 1869లో ఫ్రాన్సు దేశస్థుడు గూజోన్ జంతువుల మజ్జను తీసి శరీరంలో వేరొక చోట పెడితే అక్కడ ఎముక పుట్టిందని చూపాడు. అంటే మజ్జకు రక్తం చేసే గుణమే కాక ఎముక చేసే గుణం కూడా ఉన్నదన్నమాట. 1960లలో, 70లలో సోవియట్ శాస్త్రవేత్త ఫ్రీడెన్‌స్టీన్ ఆ గుణం మజ్జలోని ఒక ప్రత్యేక జాతి కణాలదని తేల్చాడు. 1991లో అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లన్ వాటికి మీసెంకైమల్ మూలకణాలు అని పేరు పెట్టాడు. ఇవాళ కరపత్రాలలో స్టెమ్ సెల్స్ అని కనబడే మాట సాధారణంగా వీటిని గురించే.

ఒక విశేషం గమనించండి. పేరు పెట్టిన కాప్లనే 2017లో ఆ పేరు మార్చాలని రాశాడు. ఎందుకంటే, ఈ కణాలను ఒంట్లోకి ఎక్కిస్తే అవే కొత్త గుజ్జుగానో కొత్త కండగానో మారిపోతాయన్న భావం సరికాదని ఆయనకు తోచింది. అవి చుట్టుపక్కల కణాలకు సంకేతాలు పంపి, వాపు తగ్గించి, మరమ్మతు పనిని పురమాయిస్తాయని ఆయన అన్నాడు. మన భాషలో చెప్పాలంటే ఈ కణాలు ఇటుకలు కావు, మేస్త్రీలు. మేస్త్రీ ఎంత గట్టివాడైనా ఇటుకలు, సున్నం, కూలీలు లేని చోట గోడ లేవదు కదా! ఎముకలో ఆ సామగ్రి ఉంటుంది, రక్తం అందుతుంది. అరిగిన గుజ్జులో అవి తక్కువ. మజ్జ వైద్యం ఎముక విషయంలో ఒక రకంగా, మోకాలి గుజ్జు విషయంలో మరో రకంగా ఫలించడానికి కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

మజ్జ తీసే పద్ధతి కూడా తెలుసుకోవాలి. నడుము పక్కన చేత్తో తడిమితే తగిలే కటి ఎముక అంచులోకి, మత్తు ఇచ్చి, లావుపాటి సూది దించి మజ్జ లాగుతారు. సూదిని ఒకే చోట ఉంచి ఎక్కువ లాగితే మజ్జకు బదులు రక్తమే వస్తుంది. అందుకని కొద్దికొద్దిగా చాలా చోట్ల నుంచి తీయాలి. తీసినదానిని యంత్రంలో గిర్రున తిప్పితే, చిలికిన మజ్జిగలో వెన్న తేలినట్టు, కణాలు చిక్కగా ఉన్న భాగం విడిపోతుంది. దానిని కావలసిన చోట సూదితో ఎక్కిస్తారు. మజ్జలో మనకు కావలసిన మేస్త్రీ కణాలు ఎన్ని ఉంటాయో తెలుసా? లక్ష కణాలకు ఒకటి మొదలు పది వరకు, అంతే. వయసు పెరిగినకొద్దీ అవి తగ్గుతాయి. కనుక తీసేవాడి నైపుణ్యం, చిక్కబరచే పద్ధతి ఈ వైద్యంలో చాలా ముఖ్యం. మజ్జ ఎక్కించాం అన్న మాట ఒక్కటే అయినా ఒక చోట ఎక్కించినది, మరొక చోట ఎక్కించినది ఒకటి కాకపోవచ్చు.

ఇప్పుడు ఈ వైద్యానికి గట్టి ఆధారం ఉన్న చోటు దగ్గరకు వద్దాం. అది అతకని ఎముక.

మన వైపు మోటారు సైకిలు ప్రమాదాలలో ఎక్కువగా విరిగేది మోకాలి కింది పెద్ద ఎముక. దాని ముందు భాగం మీద చర్మమే తప్ప కండ లేదు. కండ లేని చోట రక్తం తక్కువ, అందుచేత అది అతకడం ఆలస్యం. కొందరికి నెలల తరబడి కట్టు కట్టినా అతకదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. మన ఊళ్లలోనూ కట్లు కట్టే పెద్దలున్నారు. చిన్న చిన్న విరుగుళ్లకు అక్కడికి వెళ్లేవారు ఉన్నారు. కాని ఎముక జరిగిపోయినా, చర్మం చీలి బయటకు వచ్చినా, ఫొటో తీయకుండా కట్టిన కట్టు వల్ల వంకరగా అతుక్కోవచ్చు, అసలే అతకకపోవచ్చు.

ఇలా అతకని ఎముకకు పాత పద్ధతి, నడుము ఎముక నుంచి ముక్క కోసి తెచ్చి ఆ సందులో పెట్టడం. అది ఇప్పటికీ మంచి పద్ధతే. అయితే రెండు చోట్ల కోత పడుతుంది. ముక్కకు బదులు మజ్జ తీసి సూదితో ఎక్కిస్తే ఎలా ఉంటుందని అమెరికాలో డాక్టర్ కానొలీ ప్రయత్నించాడు. 1991లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం మోకాలి కింది ఎముక అతకని 20 కేసులలో 18 అతికాయి. ఫ్రాన్సులో డాక్టర్ ఎర్నిగు 2005లో ఇంకా పెద్ద లెక్క చెప్పాడు. అలాంటివే 60 కేసులు తీసుకున్నాడు. ఒక్కొక్కరి నుంచి సుమారు 300 మిల్లీలీటర్ల మజ్జ తీసి, దానిని 50 మిల్లీలీటర్ల దాకా చిక్కబరచి, అందులో 20 మిల్లీలీటర్లు విరిగిన చోట ఎక్కించాడు. 53 అతికాయి. అతకని ఏడుగురికి ఎక్కించిన మజ్జను పరీక్షించి చూస్తే వాటిలో ఎముక చేసే కణాలు తక్కువగా ఉన్నాయని తేలింది. నాకు ఈ అధ్యయనంలో నచ్చింది ఆ చివరి మాట. ఓడిపోయిన చోట ఎందుకు ఓడిపోయిందో కూడా వెతికి చెప్పాడు.

అయితే దీనికీ హద్దులున్నాయి. విరిగిన చోట చీము పట్టి ఉంటే ముందు దాన్ని తగ్గించాలి. ఎముక ముక్కల మధ్య దూరం ఎక్కువ ఉంటే, కాలు వంకర తిరిగి ఉంటే సూది ఒక్కటే చాలదు. ఎముక కదలకుండా కట్టో, రాడ్డో, పళ్లెమో ఉండి తీరాలి. కదిలే ఎముకకు ఎంత మజ్జ పోసినా ఇసుకలో పోసిన నీళ్లే.

రెండవది తుంటి. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగానికి రక్తం వెళ్లే దారులు సన్నవి. అవి మూసుకుపోతే బంతిలోని ఎముక నెమ్మదిగా చచ్చిపోయి, చివరకు కుంగిపోతుంది. దీనికి కారణాలు కొన్ని తెలిసినవే. తుంటి దగ్గర ఎముక విరగడం, మితిమీరిన తాగుడు, సికిల్ సెల్ జబ్బు, స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడడం. 2020, 2021 సంవత్సరాలలో కరోనాకు స్టెరాయిడ్లు వాడిన కొందరిలో తరువాత ఈ జబ్బు బయటపడినట్టు మన దేశ వైద్యులు రాశారు. స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడిన మందే, అందులో సందేహం లేదు. కాని డాక్టరు చెప్పకుండా మందుల షాపులో కొనుక్కుని వాడే అలవాటు మాత్రం ప్రమాదం.

ఈ జబ్బులో బంతి కుంగకముందే, ఎముకలోకి సన్నటి రంధ్రం తొలిచి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. ఆ రంధ్రం గుండా చిక్కబరచిన మజ్జను పంపడం ఎర్నిగు చేసిన పని. 2002లో ఆయన 189 తుంటి కీళ్ల లెక్క చెప్పాడు. బంతి కుంగకముందు చేసినవి 145. వాటిలో తరువాత కీలు మార్చవలసి వచ్చినవి 9 మాత్రమే. కుంగిన తరువాత చేసినవి 44. వాటిలో 25కి కీలు మార్చక తప్పలేదు. ఈ అంకెలలో ఒక లోపమున్నది. మజ్జ లేకుండా ఉత్త రంధ్రం తొలిచిన వారితో పోల్చి చూసిన లెక్క కాదిది. అయినా ఒక పాఠం స్పష్టంగా ఉన్నది. అదను దాటితే విత్తనం మొలవదు. గజ్జలో నొప్పి వారాల తరబడి తగ్గకపోతే, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడినవారైతే, తాగే అలవాటున్నవారైతే, ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరును కలవండి. మొదటి దశ మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారై తీయిస్తే తెలుస్తుంది. రోగి మజ్జ నుంచే ఎముక కట్టే కణాలను ప్రయోగశాలలో పెంచి తుంటిలో పెట్టే ఓస్‌గ్రో అనే ఉత్పత్తికి మన దేశంలో 2017లో ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కూడా ఇచ్చింది.

ఇక మూడవది, మనందరం ఎదురుచూసే సంగతి. అరిగిన మోకాలు.

ఇక్కడ ఒక ప్రయోగం చెబుతాను. బడిలో పిల్లలకు చెప్పినట్టే చెబుతాను, ఎందుకంటే అది అంత చక్కటి ప్రయోగం. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 2017లో ప్రచురించారు. రెండు మోకాళ్లూ నొప్పిగా ఉన్న 25 మందిని తీసుకున్నారు. అందరి దగ్గరా మజ్జ తీశారు. ఒక మోకాలికి చిక్కబరచిన మజ్జ ఎక్కించారు, రెండవ మోకాలికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. ఏ మోకాలికి ఏది పోయిందో రోగికి చెప్పలేదు. ఆరు నెలల తరువాత అడిగితే మజ్జ పోసిన మోకాలు నొప్పి తగ్గిందన్నారు. మరి ఉప్పునీళ్ల మోకాలు? అదీ తగ్గింది! రెండింటికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

దీనికి అర్థమేమిటి? నొప్పి తగ్గిందన్నవారు అబద్ధం చెప్పారా? కాదు. నొప్పి నిజంగానే తగ్గింది. మోకాలి నొప్పికి ఒక స్వభావమున్నది, అది వస్తూ పోతూ ఉంటుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం వైద్యానికి వెళతాం, ఆ తరువాత ఎలాగూ కొంత తగ్గుతుంది. పెద్ద వైద్యం జరిగిందన్న నమ్మకం కూడా నొప్పిని తగ్గిస్తుంది. మజ్జ ప్రభావమే రక్తం ద్వారా రెండవ మోకాలికి కూడా చేరిందేమో అనే వాదన కూడా ఉంది. ఏది ఏమైనా "మా వదినకు తగ్గింది, మా బావకు తగ్గింది" అన్న మాటను మాత్రమే నమ్మి డబ్బు పెట్టడం ఎందుకు తగదో ఈ ప్రయోగం చెబుతున్నది. ఆ వదినగారికి ఉప్పునీళ్లతోనైనా తగ్గి ఉండేదేమో, ఎవరు చూశారు?

2023లో అమెరికాలోనే సుమారు 480 మందితో ఇంకా పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. కొందరికి సొంత మజ్జ, కొందరికి సొంత కొవ్వు నుంచి తీసిన కణాలు, కొందరికి బొడ్డుతాడు కణాలు, మిగిలినవారికి మామూలు స్టెరాయిడ్ సూది. ఏడాది తరువాత చూస్తే, కణాల వైద్యాలలో ఏదీ మామూలు స్టెరాయిడ్ సూదిని మించలేదు.

అయితే మన కర్ణాటకలోనే మరో కథ నడిచింది, అదీ చెప్పాలి. బెంగళూరులోని స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ ఆరోగ్యవంతులైన దాతల మజ్జ నుంచి కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, ఒకే ప్రమాణంలో ఒక మందుగా తయారు చేసింది. అరుగుదలకు నాలుగు దశలుంటాయి. అందులో రెండవ, మూడవ దశల మోకాళ్లకు ఈ మందును 146 మంది మీద పరీక్షించారు. సగం మందికి రెండున్నర కోట్ల కణాలున్న సూది, సగం మందికి కణాలు లేని సూది. ఏది ఎవరికో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. ఏడాదిలో కణాలు పొందినవారికి నొప్పి, బిగువు ఎక్కువగా తగ్గాయి. 2022లో ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు అనుమతి ఇచ్చింది. కాని గుజ్జు మళ్లీ మొలిచిందని ఈ పరీక్షా నిరూపించలేదు. పూర్తిగా అరిగి కాలు వంగిపోయిన నాలుగవ దశవారికి ఇది కాదు.

ఒక ప్రయోగం పనిచేయలేదంటుంది, మరొకటి పనిచేసిందంటుంది. ఏది నమ్మాలి? పోలికలు వేరు కాబట్టి రెండూ నిజం కావచ్చు. అక్కడ అప్పటికప్పుడు తీసి చిక్కబరచిన సొంత మజ్జ, ఇక్కడ దాతల నుంచి తీసి కోట్ల సంఖ్యలో పెంచిన కణాలు. అక్కడ పోల్చింది స్టెరాయిడ్‌తో, ఇక్కడ పోల్చింది కణాలు లేని సూదితో. కనుక ఒకరి అనుమతిని చూపించి వేరొకరు తమ సూదిని అమ్ముతుంటే మనం మెలకువగా ఉండాలి. "ప్రభుత్వం ఒప్పుకున్న వైద్యమే" అంటారు. ఏ మందుకు, ఏ జబ్బుకు, ఏ దశకు ఒప్పుకుంది అని అడగాలి.

మన దేశంలో నియమాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో మూలకణాల పరిశోధనకు జాతీయ మార్గదర్శకాలు ప్రకటించింది. రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి ఎప్పటి నుంచో స్థిరపడిన చికిత్స. దానికి కృషి చేసిన డానల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన వెల్లూరులో అది 1986 నుంచి జరుగుతున్నది. దానిని దాటి మిగిలిన మూలకణ వైద్యాలు, ప్రత్యేకంగా అనుమతి పొందినవి తప్ప, పరిశోధనగానే జరగాలని ఆ మార్గదర్శకాల సారాంశం. పరిశోధన అంటే నీతి సంఘం అనుమతి ఉండాలి, జాతీయ రిజిస్ట్రీలో నమోదు ఉండాలి, పాల్గొనే రోగి దగ్గర ఆ ప్రయోగానికి డబ్బు తీసుకోకూడదు. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. "ఇది పరిశోధన, డబ్బు మాత్రం ముందే కట్టాలి" అన్న మాట వినబడితే అక్కడే ఆగి ఆలోచించండి.

కనుక వైద్యానికి వెళ్లేముందు ఈ అయిదు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఒకటి: నా జబ్బు పేరేమిటి, ఎన్నవ దశ?

రెండు: ఎక్కించేది నా సొంత మజ్జా, పెంచిన కణాలా, వేరొకరి కణాలా? దానికి ఈ జబ్బుకే అనుమతి ఉన్నదా? కాగితం చూపిస్తారా?

మూడు: ఇది స్థిరపడిన చికిత్సా, పరిశోధనా? పరిశోధన అయితే నమోదు సంఖ్య ఎంత?

నాలుగు: ఇది చేయించుకోకపోతే వేరే దారి ఏమున్నది? దానికి ఖర్చెంత?

అయిదు: వికటిస్తే ఎవరిని అడగాలి, ఎక్కడికి రావాలి?

ఈ చివరి ప్రశ్న తీసిపారేసేది కాదు. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి చేసిన సూదులు తీసుకున్న 12 మందికి క్రిములు సోకి ఆసుపత్రిలో చేరవలసి వచ్చిందని అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. కీలులోకి వెళ్లే ఏ సూదితోనైనా క్రిములు లోపలికి పోవచ్చు. సూది తరువాత జ్వరం, కీలు వాచి ఎర్రబడడం, అడుగు వేయలేనంత నొప్పి ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

సంతకం సంగతి ఒకటి చెప్పాలి. మన వాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదివారు, బజారులో దక్కనీ మాట్లాడతారు. ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇన్ని భాషలు వచ్చినవాళ్లం ఆ ఒక్క కాగితం దగ్గర మూగవాళ్లమైపోతాం. నాకు చూపించిన కాగితాలలో ఒకదానిలో "ఫలితానికి హామీ లేదు" అని స్పష్టంగా అచ్చు వేసి ఉన్నది. దాని మీద వేలిముద్ర వేసిన పెద్దాయనకు మాత్రం నోటి మాటగా చెప్పింది "నూటికి నూరుపాళ్లు తగ్గుతుంది" అని. ఆ రెండు మాటల మధ్య ఉన్న అగాధంలోకే ఆయన చేను పోయింది. మీకు అర్థమయ్యే భాషలో వివరించమని అడగడం మీ హక్కు. కాగితం ఇంటికి తీసుకువెళ్లి చదివించుకుని వస్తామనండి. నిజమైన వైద్యుడు కాదనడు. ఈరోజే కట్టాలి, రేపైతే ధర పెరుగుతుంది అనే చోట వైద్యం కంటే వ్యాపారం ఎక్కువని గ్రహించండి.

మరి ఈలోగా మోకాలికి ఏం చేయాలి? చేయదగినది చాలా ఉన్నది, అందులో చాలావరకు ఖర్చులేనిది. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూపారు. అయిదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై కిలోలు! కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, పది లెక్కపెట్టేంత సేపు బిగబట్టి దించండి. రోజుకు రెండు పూటలా చేస్తే తొడ కండ గట్టిపడి మోకాలి భారాన్ని తాను మోస్తుంది. గొంతుక్కూర్చోవడం తగ్గించండి. చేతికర్ర పట్టుకోవడం నామోషీ కాదు. నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగకండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పూర్తిగా అరిగిన మోకాలికి కీలు మార్పిడి దశాబ్దాలుగా నిలబడిన శస్త్రచికిత్స. 2007 నుంచి మన బీదరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ ఎముకల విభాగంలో ఒకసారి చూపించుకుని, ప్రభుత్వ పథకంలో మీ వైద్యానికి వీలున్నదేమో ఆరోగ్యమిత్రను అడిగి, ఆ తరువాత ఊరు దాటే ఆలోచన చేయండి.

శ్రోతలారా, కొత్త వైద్యాన్ని అనుమానించమని నేను చెప్పడం లేదు. ఇవాళ పరిశోధనగా ఉన్నది రేపు పెద్దాసుపత్రిలో అందరికీ అందే చికిత్స కావచ్చు. అతకని ఎముకకు మజ్జ ఎక్కించడం కూడా ఒకనాడు కొత్తదే. ఫలించినవీ ఫలించనివీ రెండూ లెక్క రాసి చెప్పిన వైద్యులుండబట్టే దాని మీద మనకు నమ్మకం కుదిరింది. ఆ లెక్క చూపించమని అడిగే హక్కు బీదర్ జిల్లాలోని ఏ కూలి మనిషికైనా ఉన్నది. ఈసారి ఎవరైనా మీ గుజ్జుకు మజ్జ ఎక్కిస్తామంటే, ఆ అయిదు ప్రశ్నల కాగితం ముందు బల్ల మీద పెట్టండి. జవాబులు విన్న తరువాతే కొంగుముడి విప్పండి.